పూలతోటకు దండోరా

గూడెం వాళ్ల కొండ పోయింది. దివాను దాన్ని రాజుగారి వేటకు కేటాయించి, అభ్యంతరాలుంటే పున్నమిలోగా చెప్పమని కోట వాకిట్లో దండోరా వేయించాడు. అడవి అవతల ఉన్న గూడేనికి అది వినపడలేదు. గడువు దాటగానే భటులొచ్చి మేకల్ని కొండ దింపేశారు.

మరుసటి పున్నమి వెళ్లాక మేకలు కాసే ముత్తి తన మందను తిన్నగా దివాను పూలతోటలోకి తోలింది.

"ఏమే, ఈ తోట నీకెవరిచ్చారు?" అంటూ దివాను పరుగెత్తుకొచ్చాడు.

"మా గూడెంలో దండోరా వేయించాను దొరా. పున్నమి దాకా చూశాం. తమరు అభ్యంతరం చెప్పలేదు."

"గూడెంలో వేస్తే నాకెలా వినపడుతుందే?"

"అదే అడుగుదామని వచ్చాను."

అప్పటికే మేకలు మల్లెలు ముగించి గులాబీల దగ్గరికి చేరాయి. దివాను కొండను అక్కడికక్కడే గూడేనికి వదిలేశాడు.

ముత్తి మాత్రం అతన్ని నమ్మదలచుకోలేదు. బతికినన్నాళ్లూ ప్రతి పున్నమికీ ఒక మేకను వెంటబెట్టుకుని కోటకు వెళ్లి, "ఈ నెల దండోరా ఏమైనా ఉందా దొరా?" అని అడిగి వచ్చేది.