నక్కగారి అధ్యక్షోపన్యాసం

కాలవ గట్టున ఒక చర్చి, దాని పక్కనే ఒక లైబ్రరీ. చర్చి ఆవరణలో పాస్టరుగారి పొట్టేలు ఉండేది, పేరు ఏబేలు. ఆదివారం ఆదివారం కిటికీ కింద నిలబడి ప్రసంగాలు వినీ వినీ, పొరుగువాణ్ణి ప్రేమించడం దేవుడి ఆజ్ఞ అని నమ్మింది. లైబ్రరీ నీడన రేవు బట్టలు మోసే గాడిద ఉండేది. అక్కడ జరిగే మానవవాదుల సభలు వినీ వినీ, సాటి ప్రాణిని ఆదుకోవడానికి దేవుడితో పనేముంది, బుద్ధుంటే చాలని తేల్చుకుంది. రెండూ మంచివే. కాకపోతే తాము మంచివాళ్ళమన్న సంగతి రెంటికీ కాస్త ఎక్కువ తెలుసు.

ఈ రెంటికీ గిట్టనిది ఒక బాతు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ బాతుకి నోరూ మంచిది కాదు, ఊళ్ళో మంచి పేరూ లేదు. పొట్టేలుకి పెట్టిన తవుడు తినేసేది, గాడిద తాగే నీళ్ళు కెలికేసేది, అదేమని అడిగితే కరిచేది.

ఒకరోజు పొద్దున్నే, చేపలవాళ్ళు గుంజకి కట్టి వదిలేసిన వలలో బాతు కాలు ఇరుక్కుంది. గింజుకున్నకొద్దీ తాడు బిగుసుకుంది. దాని అరుపులకి పొట్టేలూ గాడిదా పరిగెత్తుకొచ్చాయి. తుప్పల్లోంచి నక్క కూడా వచ్చింది గానీ, ఆ కొమ్ములూ ఆ డెక్కలూ చూసి దూరంగా ఆగింది. ఈ ఇద్దరూ కదిలితే తప్ప దానికి ఫలహారం లేదు.

పొట్టేలు గుంజ దగ్గరికి నడుస్తూ, "నువ్వంటే నాకు బొత్తిగా ఇష్టం లేదు. దేవుడు ప్రేమించమన్నాడు కాబట్టి విడిపిస్తున్నా" అంది.

గాడిదకి ఆ మాట గుచ్చుకుంది. "ఆయన చెప్పకపోతే వదిలేసేవాడివా బావా? నాకూ ఇదంటే గిట్టదు. నెప్పి పడుతోంది, విడిపించాలి. దానికి ఒకళ్ళు చెప్పాలా?"

"ఒళ్ళు మండిన రోజున నీ బుద్ధి పోనీలే అంటుంది. నాకు అలా అనే వీల్లేదు. నేను మంచివాణ్ణని చూసి ఆయన నన్ను ప్రేమించలేదుగా."

"నువ్వు పరలోకంలో పచ్చగడ్డి కోసం చేస్తావు. నేను కూలి అడగను."

పొట్టేలుకి పౌరుషం వచ్చి గుంజ దగ్గర్నించి వెనక్కి తిరిగింది. ఇదే అదనని నక్క మధ్యలో దూరింది. ఇంత లోతైన విషయాన్ని గట్టు తగువులా తేల్చకూడదంది. సభ పెట్టి, కారణమేదో ముందు తేల్చి, బాతుని తరవాత విడిపిస్తే పద్ధతిగా ఉంటుందంది. అధ్యక్షత తానే వహిస్తానంది. కాసేపు వాదించుకుంటే ఇద్దరూ అలిగి చెరో దారినా పోతారని దాని ఆశ. పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే. ప్రసంగాల మధ్య పెరిగిందొకటి, సభల మధ్య పెరిగిందొకటి, అధ్యక్షుడనగానే రెండూ బుద్ధిగా కూర్చున్నాయి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఒక ప్రాణి కాలు తెగేలా ఉంటే దాని ముందు సభేమిటండీ.

బాతుకి నక్క ఎత్తు అర్థమైంది. లైబ్రరీ మెట్ల దగ్గర మరమరాలు ఏరుకుంటూ అదీ బోలెడు సభలు చూసినదే. "అధ్యక్షా, తమరు మాట్లాడకుండా వీళ్ళు నోరెత్తితే మర్యాదగా ఉండదు. ముందు తమరి ఉపన్యాసం కానివ్వండి" అంది వినయంగా.

పుట్టి బుద్ధెరిగాక నక్కని మాట్లాడమని అడిగినవాళ్ళు లేరు, చూడగానే పారిపోయేవాళ్ళే అందరూ. అది పొంగిపోయి రాయెక్కింది. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, తన బాల్యం దగ్గర్నించి మొదలెట్టింది.

బాతు గొంతు తగ్గించింది. "అయ్యా, మీ ఇద్దరి కారణాలూ గొప్పవే. నేనే చెడ్డదాన్ని, ఒప్పుకుంటున్నా. కానీ నాకు చచ్చేంత భయంగా ఉంది. మీరు ఎందుకు విడిపించినా బయటికొచ్చేది ఈ కాలే కదా."

రెండూ సిగ్గుపడ్డాయి. పొట్టేలు గుంజని మళ్ళీ మళ్ళీ ఢీకొట్టింది. ఆ ఢబఢబల్ని నక్క చప్పట్లనుకుని ఇంకా రెచ్చిపోయింది. గుంజ ఊడింది. గాడిద తాళ్ళు పళ్ళతో కొరికి, కుంటుతున్న బాతుని వీపు మీదెక్కించుకుంది. ముగ్గురూ చల్లగా జారుకున్నారు.

'చివరిగా ఒక్క మాట' అని మూడోసారి అన్నాక నక్క కళ్ళు తెరిచింది. ఎదురుగా ఊడిన గుంజ, చిరిగిన వల. దూరంగా చర్చి గోడ దగ్గర పొట్టేలూ గాడిదా మళ్ళీ వాదించుకుంటున్నాయి. గాడిద వీపు మీంచి బాతు ఇద్దర్నీ తిడుతోంది. వందన సమర్పణకి ఎవరూ మిగల్లేదు కనక, అధ్యక్షులవారు తమకి తామే కృతజ్ఞతలు చెప్పుకుని ఖాళీ కడుపుతో తుప్పల్లోకి పోయారు.

ఎందుకు ఆదుకోవాలో ఎంతసేపైనా వాదించుకోవచ్చు, ముందు ఆదుకుని.