గ్రంథాలయం కప్పుకు గడ్డి మోసిన జగ్గారావు

కొండ దిగువ అడవిలో, మనుషులు వదిలేసిపోయిన ఫారెస్టు బంగళాలో ఒక గ్రంథాలయం నడుస్తుండేది. నడిపేది కూర్మమ్మ అనే తాబేలు. జింకలు గాలికుంటు రోగానికి వైద్యం చదువుకునేవి, కొంగలు ఏ చెరువులో నీళ్లున్నాయో పేపర్లో చూసుకునేవి. ముసలి ఎలుగుబంటి మాత్రం బొమ్మలు చూసి నిద్రపోయేది.

ఇది జగ్గారావు అనే నక్కకు గిట్టలేదు. గ్రంథాలయం రాకముందు అడవిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆయనే చదివి పెట్టేవాడు. పాపం, పరోపకారి! కాగితంలో ఏమున్నా, చదివేసరికి అది ఆయనకు లాభంగానే ఉండేది.

ఒకరోజు ఆయన ఒక కాగితమూ, దొప్పెడు నేరేడుపళ్ల రసమూ పట్టుకుని సభ పెట్టించాడు. సభకు పెద్దగా ఏనుగు కూర్చుంది. ఏనుగుకు చదువు రాదు గానీ తల ఊపడం బ్రహ్మాండంగా వచ్చు.

"గ్రంథాలయం కప్పు కారిపోతోంది. బాగు చేయించాలని అర్జీ రాశాను. అందరూ ముద్రలు వేయండి," అన్నాడు జగ్గారావు. చదువు వచ్చిన జింకలూ కొంగలూ మేతకు పోయిన వేళ చూసుకునే సభ పెట్టించాడు లెండి. కూర్మమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ ఇంకా దారిలోనే ఉంది.

మొదట సింహాచలాన్ని పిలిచాడు. సింహాచలం గాడిద. రెండేళ్లుగా రోజూ మధ్యాహ్నం కూర్మమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకుంటోంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

డెక్క రసంలో ముంచి కాగితం మీదికి వంగింది. "గ్రంథాలయం దండగ కనుక మూసివేసి, బంగళాను జగ్గారావు గారి నివాసానికి ఇచ్చుటకు సమ్మతించడమైనది" అని ఉంది. సింహాచలం తలెత్తి సభవైపు చూసింది. అరిచి చెబుదామా? నక్క మాట కాదని గాడిద మాట ఎవరు నమ్ముతారు?

"అయ్యా, అందరూ వినేట్టు ఒకసారి పైకి చదవండి. మీ గొంతులో వింటే ఆ అందమే వేరు," అంది.

జగ్గారావు పొంగిపోయాడు. "గ్రంథాలయానికి కొత్త కప్పు వేయవలెను. ముసలివాళ్లకు బల్లలు వేయవలెను..."

"ఆహా! కప్పుకు గడ్డి మోసేదెవరని రాశారండీ?" అంది సింహాచలం.

అందరూ తనవైపే మెచ్చుకోలుగా చూస్తున్నారు. "ఇంకెవరు? నేనే!" అన్నాడు జగ్గారావు.

చప్పట్లు మోగాయి. అప్పటికి కూర్మమ్మ చేరుకుంది.

"కూర్మమ్మ గారూ, ఈ మాటలు మీ రిజిస్టరులో రాసుకోండి," అంది సింహాచలం.

"ఎందుకూ? కాగితం ఉందిగా!" అన్నాడు జగ్గారావు గబగబా.

"రాస్తే తప్పేంటి?" అంది ఏనుగు, తల ఊపుతూ. "మళ్లీ చెప్పవయ్యా."

ఏం చెబుతాడు? ఇందాక చదివింది అబద్ధమంటాడా? ఒక్కొక్క మాటా నమిలి చెప్పాడు. కూర్మమ్మ రాసింది, పైకి చదివి వినిపించింది. "మొదటి ముద్ర గడ్డి మోసేవారిదే," అంది సింహాచలం. జగ్గారావు పంజా వేయక తప్పలేదు. తర్వాత అందరూ వేశారు.

"మరి ఆ కాగితం?" అంది ఏనుగు.

"ఆకలిగా ఉందండీ," అని సింహాచలం దాన్ని నమిలి మింగేసింది.

వానలు పడేలోపు కప్పు పూర్తయింది. మండుటెండలో రెల్లుగడ్డి మోపులు మోస్తున్న జగ్గారావును చూసి, లోపల చదువుకుంటున్న జింకలు కిటికీలోంచి కేకేసేవి: "అయ్యా, ఈ మూల ఇంకో మోపు! ఎంత మంచి మనసండీ మీది!"

నీతి: ఊరికి తానుగా చదువుకునే చోటు ఒకటి తెరిచి ఉంటే, చదివి పెట్టేవాళ్లు కూడా నిజమే చదువుతారు.