బోయీ మింగిన లేహ్యం

పల్లకీ మోసే గవరయ్య కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అతనికే తెలియదు. సంస్థానం మొత్తానికీ ఉన్నది ఒక్కటే జట్టు. భుజం మార్చుకుందామంటే మారు బోయీలు లేరు. ఆ నిద్రమత్తులోనే ఓ రోజు జట్టును ముందుండి నడిపిస్తూ, ఆస్థాన వైద్యుడు వీరభట్టును ఇంటికి బదులు వల్లకాటికి తీసుకుపోయి దించాడు.

వీరభట్టు సభలో చిందులు తొక్కాడు. "వీడికి మతిమరుపు ప్రభూ! సంతలో చవగ్గా అమ్మిస్తున్నానే, ఆ జ్ఞాపకశక్తి లేహ్యం తినిపించండి. ఉసిరికాయంత మింగితే మరిచిపోయిందల్లా గుర్తొస్తుంది. రాకపోతే తమరు తొడిగిన ఈ కంకణం తీసేస్తాను!"

"మతి పోలేదు బాబూ, నిద్ర చాలలేదు" అన్నాడు గవరయ్య నీరసంగా.

"తింటావా, కొలువు వదులుకుంటావా?" అన్నాడు రాజు.

గవరయ్య నిట్టూర్చి మింగాడు. కాసేపు కళ్లు మూసుకుని తెరిచాడు.

"గుర్తొచ్చింది ప్రభూ! పోయినసారి వేటకెళ్తూ ఏరు దాటుతుంటే, మాకు మారు జట్టును పెడతానని తమరు సెలవిచ్చారు."

"నేనా? నాకు గుర్తు లేదే!"

"తమరింకా లేహ్యం తినలేదు కదా మహాప్రభో."

రాజు వైద్యుడి వైపు చూశాడు. బోయీ మాట అబద్ధమంటే లేహ్యమూ అబద్ధమే. వీరభట్టు కంకణం తడుముకుంటూ, "నిజమే అయ్యుంటుంది ప్రభూ" అని గొణిగాడు.

మర్నాడే మారు జట్టు వచ్చింది. గవరయ్య ఇంటికెళ్లి నడుం వాల్చాడు.

"రాజుగారు నిజంగా ఆ మాటన్నారా?" అని అడిగింది పెళ్లాం.

"నాకేం గుర్తుంటుందే, మతిమరుపువాణ్ణి" అని అటు తిరిగి గురకపెట్టాడు.