లింగరాజుగారి పలుకుబడి

రాజుగారి పడవకు సరంగు కావాల్సి వచ్చింది. దివాన్‌గారి బావమరిది లింగరాజు ఏనాడూ తెడ్డు పట్టి ఎరగడు. కానీ ఏడాది పొడవునా పెద్దల గుమ్మాల్లో దండాలు పెడుతూ తిరిగాడు. ఇంకేం, ఏటి ఒడ్డున కొలువుతీరిన సభంతా "ఇంతటి సరంగు ఇంకా పుట్టలేదు!" అని ఒక్క గొంతుతో పొగిడింది.

"నీ గురించి ఎవరు చెబుతారు?" అని రాజు, అదే కొలువు కోరి వచ్చిన పల్లెకారి నూకయ్యను అడిగాడు.

"నాకు తెలిసిన పెద్దలెవరూ లేరు దొరా. ఏరు పొంగుతోంది, వీళ్ళంతా అవతలి ఒడ్డుకు చేరాలి. మేమిద్దరం చెరో పడవ తెస్తాం. నచ్చింది ఎక్కమనండి."

రెండు పడవలూ వచ్చాయి. లింగరాజును పొగిడిన నోళ్ళన్నీ ఒకరినొకరు తోసుకుంటూ నూకయ్య పడవే ఎక్కాయి. అందరికన్నా ముందు ఎక్కింది దివాన్‌గారే.

నూకయ్య తెడ్డు అందుకుంటూ అన్నాడు:

"దొరా, నా సిఫారసులు వచ్చి కూర్చున్నాయి."