పద్యానికి తల ఊపిన పచ్చతొండ

కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే గాని ఆయన పద్యాలు మాత్రం చాలా పెద్దవి. ఉద్యానవనంలో మల్లెపందిరి కింద కూర్చొని, తాను రాసిన పద్యాన్ని తానే బిగ్గరగా చదువుకోవడం ఆయనకు అలవాటు.

ఒక ఉదయం ఆయన రెండో పాదంలో ఉండగా, పందిరి గుంజ మీద పచ్చతొండ ఒకటి కనిపించింది. లేత తమలపాకు రంగు. మెడ మీద రంపపు పళ్లలాంటి ముళ్లు. ఒంటికి రెండింతల తోక. అది రాజు వైపు చూసి, గొంతు ఎర్రగా చేసుకొని, ముందుకాళ్ల మీద లేస్తూ వాలుతూ తల ఊపింది.

"నన్నే వెక్కిరిస్తుందా!" అని రాజు తోటమాలి పుల్లన్నను కేకేశాడు. "సాయంత్రంలోగా దీన్ని చంపు. లేదా తోట విడిచిపో."

మూడేళ్లుగా ఆ పందిరిని కాచినవి రెండే ప్రాణాలు, పుల్లన్నా ఆ తొండా. ఆకుల్లో ఆకులా కదలక కూర్చొని, గొంగళిపురుగు దగ్గరికి రాగానే చటుక్కున అందుకొనేది. చీమలను, మిడతలను తినేదే గాని, ఏనాడూ ఒక్క మొగ్గనైనా ముట్టలేదు.

అతడు ఆస్థాన విదూషకుడైన ఓబళయ్య దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, దాన్ని చంపలేను. తోట వదిలి బతకనూ లేను."

"ఏడవకు పుల్లన్నా. దాన్ని గుంజ మీదే ఉండనీ. నేను సభకు పోయి వస్తాను."

సభలో ఓబళయ్య వినయంగా అడిగాడు. "ప్రభూ, తొండ చేసిన నేరమేమిటి?"

"నా పద్యానికి తల ఊపింది."

"తల ఊపడం మెచ్చుకోలు కదా?"

"పూర్తిగా వినకుండా ఊపితే అది మెచ్చుకోలు కాదయ్యా, వెక్కిరింపు!" రాజు పండితుల వైపు తిరిగాడు. "ఏమంటారు? వినకముందే తల ఊపేవాణ్ణి నేను..."

ఆ మాట ముగియనే లేదు. పన్నెండు తలపాగాలు ఒక్కసారిగా ఊగాయి.

ఓబళయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, ఇది పుల్లన్న ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఇంకా మనుషులు కావాలి."

తలపాగాలు ఆగిపోయాయి. రాజు వాటిని ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. ముందు మీసాల చాటున చిన్న నవ్వు కదిలింది. ఆ తరువాత ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. తన శాలువా తీసి ఓబళయ్యకు కప్పి, పుల్లన్నను తోటలోనే ఉండమని కబురంపాడు.

"మరి అదెందుకు ఊపిందయ్యా?"

"'ఈ గుంజ నాది, దూరంగా ఉండు' అని, ప్రభూ. తోటి తొండలకూ అదే చెబుతుంది. తమరు రాజని దానికి ఎవరూ చెప్పలేదు."

మరునాడు రాజు మళ్లీ పందిరికి వచ్చాడు. పుల్లన్న నీళ్లకుండతో నిలబడిపోయాడు. తొండ గొంతు ఎర్రబడింది, తల ఊగింది.

"సరేనయ్యా, నీదే" అన్నాడు రాజు. పీటను రెండడుగులు వెనక్కి జరుపుకొని, గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టాడు.