రెండు చుక్కానుల పడవ

మా తెలివి ఎంతటిదో తెలియాలంటే మా పడవ కథ వినాలి. నేనూ మా బామ్మర్ది పైడన్నా కలిసి ఏరు దాటించే పడవ కట్టాం. దానికి ఏ రంగు వెయ్యాలో నెల్లాళ్ళు వాదించుకున్నాం. చుక్కాని ఎవరు పట్టాలో మాత్రం మాట్లాడుకోలేదు. "మనలో మనకి ఆ మాటలెందుకు బావా" అన్నాడు వాడు. తీరా చూస్తే ఇద్దరం చెరో కొసనా చెరో చుక్కాని బిగించాం. నడి ఏట్లో పడవ తిరగలిలా తిరిగింది.

ఎలాగో ఒడ్డుకొచ్చేసరికి దివానుగారు నిలబడి ఉన్నారు. "ఇక్కడో పడవుంటే బాగుణ్ణని పోయినేడు నేనే అన్నాను. ఆలోచన నాది కాబట్టి సగం పడవ నాది" అన్నారు. కాదంటే కొరడా దెబ్బలే.

"తమదే దొరా! రేపు రాజుగారిని ఎక్కించి, ఇది నా ఆలోచనేనని తమరే చెప్పండి. ముందు ఒకసారి ఎక్కి చూసుకోండి" అన్నాను.

ఎక్కారు. ఏడు చుట్లు తిరిగేసరికి తలపాగా ఏట్లో పడింది. "రాజుగారు ఇదెక్కితే నా తల ఎగిరిపోతుంది! ఈ పడవతో నాకే సంబంధమూ లేదు!" అని అరిచారు.

"ఆ ముక్క రాసివ్వండి దొరా. లేకపోతే ఊరంతా తమదే అనుకుంటుంది" అన్నాను. ఒడ్డెక్కగానే తాటాకు మీద రాసిచ్చి వెళ్ళిపోయారు.

బుద్ధొచ్చి, ఆ ఆకు వెనకే మా ఇద్దరి పనులూ పైడన్న చేత రాయించాను. దివానునే బోల్తా కొట్టించినవాణ్ణి కదా, చదువు రాకపోయినా ధీమాగా నిశానీ పెట్టాను.

చుక్కాని వాడిదట. నేను ఇప్పటికీ తెడ్డే వేస్తున్నాను.