కొట్టు మూసి ఉంది

ఫణీంద్రకి కష్టం వచ్చింది. టీవీలో అతను తీసే కామెడీ సీరియల్ చూసి జనం నవ్వడం మానేశారు.

ఆ సంగతి ఛానల్ వాళ్లకంటే ముందు మా లంకగ్రామానికి తెలుసు. మానేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఛానల్ వాళ్లు అతన్ని పిలిచి మర్యాదగానే చెప్పారట. ఈ వారం కూడా ఇలాగే ఉంటే సీరియల్ ఆపేసి, ఆ టైములో వంటల కార్యక్రమం వేసుకుంటామన్నారట. ఇన్నేళ్లుగా అందర్నీ నవ్వించినవాడి చోటులోకి గుత్తి వంకాయ వచ్చి కూర్చుంటుందంటే ఎవరికైనా బాధే. మర్నాడు షూటింగ్ పెట్టుకుని, సీను కాగితాలు సంచిలో వేసుకుని, కారులో మా ఊరు వచ్చేశాడు.

అతని గురువుగారు నటేశం గారు మా ఊళ్లోనే ఉంటారు. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో హాస్య నాటికలు తీసిన మనిషి. ఫణీంద్ర క్లాప్ బోర్డు పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. పని చాలించాక ఆయన, భార్య భ్రమరాంబ గారు పుట్టిన ఊరని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. హాస్య దర్శకుడు వస్తున్నాడని తెలిసి అప్పట్లో ఊరంతా నవ్వడానికి సిద్ధపడి కూర్చుంది. ఆయన వచ్చి, మజ్జిగ తాగి, పడుకున్నారు. అప్పట్నుంచీ ఇంచుమించు అంతే. ఆయన నవ్వడం కూడా మేమెవరం చూడలేదు.

కారు ఆగేసరికి మేం కొందరం ఆ ఇంటి అరుగు మీదికి చేరాం. సన్యాసిరావు గారు మాకంటే ముందే ఉన్నారు. ఆయన పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. ఉత్తరాలు పంచడం మానేసి వార్తలు పంచుతున్నారు. కోళ్లఫారం సూర్యచంద్రం కూడా వచ్చాడు. అతనికి వినపడదు గానీ అన్నిటికీ వస్తాడు.

ఫణీంద్ర గురువుగారి కాళ్లకి దండం పెట్టి, కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏం జరుగుతోందో నాకు అర్థం కావట్లేదు గురువుగారూ. షూటింగుకి ముందు సీను నేనే చదివి వినిపిస్తాను. మీ దగ్గర నేర్చుకున్న పద్ధతే. చదువుతుంటే అందరూ పడీ పడీ నవ్వుతారు. మేకప్ అతను కళ్లు తుడుచుకుంటాడు. లైట్ల వాళ్లు పైనుంచి నవ్వుతారు. వాళ్లు నవ్వింది ఉంచుతాను, నవ్వంది కొట్టేస్తాను. అదే సీను టీవీలో వస్తే ఒక్కడూ నవ్వడు. మధ్యలో ఆ నవ్వు ఎటు పోతోందండీ?"

"అందరూ నవ్వుతారా?" అన్నారు నటేశం గారు.

"అందరూనండి. ఒక్కావిడ ఉండేది, హిమబిందు అని, నా దగ్గర కో-డైరెక్టరు. ఏం చదివినా గోడలా కూర్చునేది. ఆవిణ్ణి చూస్తే నా ఉత్సాహం చచ్చిపోయేది. మీకు కామెడీ పడదమ్మా, భక్తి కార్యక్రమాలు చూసుకోండి అని పంపేశాను."

"ఊఁ" అన్నారు గురువుగారు. తర్వాత ఏమీ అడగలేదు.

సన్యాసిరావు గారు కారణం చెప్పబోయారు. ఆయన లెక్కలో లోకంలో ఏ కష్టానికైనా కారణం సెల్‌ఫోన్లే. చెబుతుండగా ఆయన సెల్‌ఫోన్ మోగింది. ఎత్తుకుని అవతలికి వెళ్లి, తను లేనప్పుడు మేం ఏదైనా వినేస్తామేమోనని వెంటనే తిరిగొచ్చారు.

కాఫీలు వచ్చాయి. గురువుగారు గ్లాసు కింద పెట్టారు.

"ఒక సంగతి చెబుతాను, వినండి."

ఇన్నాళ్లకి నోరు విప్పుతున్నారని మేమంతా ముందుకు వంగాం. ఫణీంద్ర అయితే ఊపిరి కూడా బిగబట్టాడు.

"పొద్దున్న చింతపండు కోసం వెళ్లాను. వీర్రాజు కొట్టు మూసి ఉంది. వచ్చేశాను."

అంతే. మళ్లీ గ్లాసు ఎత్తుకున్నారు.

ఫణీంద్ర తొడ చరుచుకుని నవ్వాడు. "అబ్బ! ఏం చెప్పారండీ! కొట్టు మూసి ఉంది... వచ్చేశాను! ఆ టైమింగ్ ఇంకెవరికి వస్తుంది!"

టీవీ మనిషే నవ్వాడు కాబట్టి మేమూ నవ్వాం. సన్యాసిరావు గారు ఆలస్యమైందనుకున్నారో ఏమో, దగ్గొచ్చేదాకా నవ్వారు. సూర్యచంద్రం ముందు నవ్వేసి, తర్వాత "ఏమన్నారు?" అని అడిగాడు.

భ్రమరాంబ గారు గుమ్మంలోకి వచ్చారు. చేతిలో గరిటె ఉంది. ఆవిడ నవ్వలేదు.

"కొట్టు మూసి ఉందా? ఆ ముక్క పొద్దున్నే చెప్పొద్దూ! ఇప్పుడు పులుసు దేంతో పెట్టను, మీ నవ్వులతోనా?"

దానికీ నవ్వుదామనుకున్నాం గానీ గరిటె చూసి ఆగాం.

"ఈపాటికి తీసుంటాడు" అన్నారు గురువుగారు. "ఫణీ, నువ్వెళ్లి పట్రా. వీర్రాజుకి ఈ సంగతి చెప్పు. ఎలా ఉందో కనుక్కో."

ఫణీంద్ర ముఖం వెలిగిపోయింది. గురువుగారు టైమింగ్ రహస్యం చేతిలో పెట్టారనుకున్నాడు. వీధిలో నడుస్తూ సాధన మొదలెట్టాడు. "వచ్చేశాను" అని ఓసారి గట్టిగా, ఓసారి మెల్లగా, ఓసారి ఆగి. ఎదురొచ్చిన గేదెలవాడు, ఎవరొచ్చారో అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నాకు అగ్గిపెట్టె అవసరమైంది. నేనూ కొట్టుకి వెళ్లాను.

వీర్రాజు ఫణీంద్రని చూసి స్టూలు వేశాడు, దులిపాడు, మళ్లీ దులిపాడు. ఫణీంద్ర కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. గురువుగారు పొద్దున్న చింతపండు కోసం వచ్చారు. కొట్టు మూసి ఉంది. ఇక్కడ కాస్త ఆగి, మెల్లగా, "వచ్చేశారు."

వీర్రాజు తక్కెడ వదిలేసి నవ్వాడు. పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు.

ఫణీంద్ర సంతోషించాడు. అలవాటు కొద్దీ అడిగాడు. "మీకు ఏ మాట దగ్గర నవ్వొచ్చింది?"

"ఏ మాటంటే..." వీర్రాజు నా వైపు చూశాడు. నేను అగ్గిపెట్టె వైపు చూశాను. "మీరు చెప్పారు కదండీ."

"చెబితే?"

"అంత దూరం నుంచి వచ్చి చెబుతున్నారు. నవ్వకపోతే ఏం బాగుంటుందండీ?"

వీర్రాజు చింతపండు పొట్లం కడుతూ, మాట మార్చడానికన్నట్టు అన్నాడు. "పొద్దున్న మా పాపకి జ్వరంతో ఒళ్లు కాలిపోయిందండి. ఫిట్స్ వచ్చాయి. ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. అందుకే మూశాను."

"ఇప్పుడెలా ఉంది?"

"పడుకుందండి. తగ్గింది."

ఫణీంద్ర పొట్లం అందుకున్నాడు. వీర్రాజు చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలేశాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో సాధన చెయ్యలేదు. ఆ గేదెలవాడు మాత్రం ముందుజాగ్రత్తగా పక్కకి తప్పుకున్నాడు.

భ్రమరాంబ గారు పొట్లం విప్పి చూశారు. "గింజలే ఎక్కువున్నాయి" అని లోపలికి వెళ్లారు.

గురువుగారు పడక కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. ఫణీంద్ర ఆయన్ని లేపలేదు. అరుగు చివరికి వెళ్లి ఫోన్ తీశాడు.

"హిమబిందు గారూ, నేనండి, ఫణీంద్రని. పెట్టెయ్యకండి. రేపటి సీను ఒకటుంది. చదువుతాను, వింటారా?"

ఆవిడ వింటానన్నట్టుంది. చదివాడు. మాకు తెలిసినంతలో అవతలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. మేమూ చప్పుడు చెయ్యలేదు. ఆ సీనులో నవ్వు రావాల్సిన చోటు వచ్చి వెళ్లిపోయిందని కాగితాలు మడిచాకే మాకు తెలిసింది.

"ఎక్కడ బాగోలేదు?" అని అడిగాడు ఫణీంద్ర.

ఆ తర్వాత చాలాసేపు అతను వింటూనే ఉన్నాడు. సన్యాసిరావు గారు మెడ చాచారు, చెవి చాచారు, చివరికి పిట్టగోడ చూసే నెపంతో లేచి అటు వెళ్లారు. ఏమీ వినపడలేదట. ఫణీంద్ర మాత్రం జేబులోంచి పెన్ను తీసి కాగితాల మీద గీతలు కొట్టడం మొదలెట్టాడు. ఒక కాగితమైతే మొత్తం కొట్టేశాడు. "అవును", "అవునండీ", "అదీ నిజమే" అంటున్నాడు. అంత పెద్ద డైరెక్టరు అన్నిసార్లు అవునంటే మాకు ఏమిటోగా అనిపించింది.

భోజనాల వేళయింది. సన్యాసిరావు గారూ నేనూ వెళ్లడం మర్చిపోయాం కాబట్టి మాకూ ఆకులు వేశారు.

భ్రమరాంబ గారు పులుసు వడ్డించి, గరిటె పట్టుకుని నిలబడ్డారు.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండం" అన్నారు సన్యాసిరావు గారు, ఇంకా ముద్ద కలపకుండానే.

నేనూ బాగుందన్నాను. భోజనం వాళ్లది.

ఫణీంద్ర ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. ఇంకో ముద్ద తిన్నాడు. గురువుగారి వైపు ఓసారి చూసి, తల వంచుకుని మెల్లగా అన్నాడు.

"ఉప్పు వెయ్యడం మర్చిపోయారమ్మా."

భ్రమరాంబ గారు వేలితో రుచి చూసి, "అవును సుమీ" అని ఉప్పు తేవడానికి వెళ్లారు.

అప్పుడు నటేశం గారు ఆకులోంచి తలెత్తి నవ్వారు. మా ఊరు వచ్చాక అదే మొదలు. భుజాలు కదిలేలా, పొలమారేలా నవ్వారు.

మేమిద్దరం నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏముందో మాకు తెలియలేదు.